మసక వెలుతురులో తీసిన జంతువు ఫొటో నల్లగా వస్తే

నల్లమలలో ఫరహాబాద్ వైపు పొద్దున్నే సఫారీకి బయల్దేరితే, మొదటి అరగంట చెట్ల కింద వెలుతురు సరిగా దిగదు. చాలామంది చేతిలో ఉండేది 150-600 మి.మీ. జూమ్ లెన్సు. 600 దగ్గర దాని అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్నం) ఎఫ్6.3 కంటే తెరుచుకోదు. కింద చెప్పినవన్నీ ఆ లెన్సును దృష్టిలో పెట్టుకునే.

సమస్య: స్క్రీన్ మీద బాగుంది, ఇంటికొచ్చి చూస్తే చీకటి

చీకట్లో కంటిపాప విచ్చుకుని ఉంటుంది, అందుకే స్క్రీన్ ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపిస్తుంది. స్క్రీన్‌ను నమ్మకుండా హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) చూడండి. గుట్టంతా ఎడమ అంచుకు ఆనుకుని ఉంటే వెలుతురు చాలలేదు.

సమస్య: కొమ్మ మీద పక్షి నల్లబొమ్మలా వచ్చింది

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు, పక్షి వెనకున్న ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు లెక్కను మనం సరిచేసే సెట్టింగ్) +1 నుంచి +1.7 వరకు పెంచండి. ఎలుగుబంటి ఫ్రేమంతా నిండితే మాత్రం ఇది తిరగబడుతుంది: మీటరు నలుపును బూడిదరంగు చేయాలని చూస్తుంది కాబట్టి -0.7 పెట్టాలి.

సమస్య: బొమ్మ చెదిరింది

ముందు ఎందుకు చెదిరిందో తేల్చుకోండి. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగితే కెమెరా కదిలింది. గడ్డి స్పష్టంగా ఉండి జింక తల మాత్రమే సాగితే జింక కదిలింది. వెనక చెట్టు స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది.

కెమెరా కదలికకు మందు: జీపు ఇంజను ఆపించి, కిలోన్నర బియ్యం పోసిన గుడ్డసంచిని తలుపు మీద వేసి, లెన్సును దాని మీద ఆనించడం. జంతువు కదలికను స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపలేదు, షటర్ వేగమే ఆపాలి. నిలబడ్డ జింకకు 1/125 సెకను, నడిచేదానికి 1/500. అదీ ఐదారు ఫ్రేముల బర్స్ట్‌లో, అంటే ఆపకుండా వరసగా. ఫోకస్‌కు ఒకే పాయింటు, మధ్యది, కంటి మీద.

మాన్యువల్ మోడ్, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఆటో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పరిమితి 12800. ఆ అంకె చూసి జడిసి షటర్ తగ్గించేవాళ్లే ఎక్కువ. ఇసక చల్లినట్టుండే నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, సాగిపోయిన కన్నును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ఫ్లాష్ ఊసు వద్దు.

సమస్య: వెలుగు పెంచితే మచ్చలు, ఊదారంగు, గీతలు

జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైల్లో (కెమెరా సరిదిద్దకుండా ఉంచే ముడి ఫైలు) 16,384. నీడల్లో మొదలే మెట్లు తక్కువ, వాటిని సాగదీస్తే చిరుగుతాయి. అందుకే జేపెగ్‌ను ఒక స్టాపు (అంటే వెలుగు రెట్టింపు), రా ఫైలును రెండు స్టాపులు పెంచితే సాధారణంగా నిలుస్తుంది. మూడు దాటితే రంగులు పోతాయి.

ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోనైనా, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనైనా ముందు రా ఫైలు మీద డీనాయిస్ (నాయిస్ తగ్గించడం), తర్వాతే ఎక్స్‌పోజర్ +1.5. షాడోస్ స్లయిడరును చివరిదాకా లాగకండి, అడవి బూడిద పూసినట్టు అవుతుంది. లైట్‌రూమ్‌లో అది 30-40 దగ్గర ఆపి బ్లాక్స్‌ను -15 దాకా దించితే ఊదారంగూ గీతలూ చాలావరకు నలుపులో కలిసిపోతాయి. ఇంకా మిగిలితే బ్రష్‌తో ఆ చోట రంగు సాంద్రత తగ్గించండి. లైట్‌రూమ్‌లో షార్పెనింగ్‌కు ఆల్ట్ నొక్కి పట్టుకుని మాస్కింగ్ (షార్పెనింగ్‌ను అంచులకే పరిమితం చేసేది) 70-80కి తేవాలి, లేకపోతే వెనకున్న పొగమంచు కూడా గరుకవుతుంది. ఇంత చేసినా రంగు కుదరకపోతే బ్లాక్ అండ్ వైట్ చేయండి. అక్కడ ఆ గరుకు ఫిలిం గింజల్లా కనిపించి పెద్దగా ఇబ్బంది పెట్టదు.