ఫోన్ నిండా నంబర్లున్నా పని రావట్లేదా? బెంగళూరు కొత్త ఏజెంట్ల కోసం

మారతహళ్లి, హూడి చుట్టుపక్కల ఇళ్లు చూపించడమే నా పని. ఈ లైన్లోకి కొత్తగా వచ్చే మన తెలుగు కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

వాట్సాప్‌లో 250 మందికి పంపాను, ఒక్కరూ పలకలేదు

అది వాళ్లకు అందిందో లేదో ముందు చూడండి. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకేసారి అందరికీ పంపే మెసేజ్ వెళ్తుంది. పంపిన మెసేజ్ మీద నొక్కి పట్టుకుని ఇన్ఫో తెరిస్తే ఎవరికి చేరిందో కనిపిస్తుంది. చాలామంది ఈ పని ఒక్కసారి కూడా చేయరు, జనానికి ఆసక్తి లేదని దిగులుపడతారు.

మనిషి ఎదురుగా ఉన్నప్పుడే నంబరు సేవ్ చేయించాలి. అదీ ఉత్త పేరుతో కాదు. "హూడి ఇళ్లు అని పెట్టుకోండన్నా" అని అడగండి. ఆరు నెలల తర్వాత మీ పేరు మర్చిపోతారు, హూడిలో ఇల్లు కావాలన్న రోజున మాత్రం ఆ మాటే వెతుకుతారు. బెంగళూరు మొత్తం చూస్తానని చెప్పేవాడు ఎవరికీ గుర్తుండడు. రెండు మూడు కిలోమీటర్ల ప్రాంతం ఒకటి పట్టుకుని, అందులో ప్రతి గల్లీ తిరగండి.

బిల్డర్ బ్రోచర్లు ఫార్వర్డ్ చేయడం మానేయండి. అదే బ్రోచర్ వాళ్లకు ఇంకో పదిమంది పంపుతారు. ఏ అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండింది, ఎక్కడ ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుపుతున్నారు, అలాంటివి రాయండి. 2024 వేసవి చూశాక నీళ్ల సంగతి అడగని క్లయింట్ నాకు తగల్లేదు.

మనవాళ్లు బాగా మాట్లాడతారు, కొనేటప్పుడు వేరేవాళ్ల దగ్గరికి వెళ్తారు

ఇది నాకూ జరిగింది. మొదటి ఏడాది గుంటూరు వైపు కుటుంబం ఒకటి వచ్చింది. 30 బై 40 సైట్ చూపించాను. "ఎన్ని గజాలు బాబూ?" అని పెద్దాయన అడిగారు. చెప్పలేక ఫోన్‌లో లెక్కలు వేస్తూ నిలబడిపోయాను. ఆయన ఇంకేమీ అడగలేదు, మళ్లీ రాలేదు. ఇక్కడి లెక్క నాకే తెలియదని ఆయనకు అనిపించింది, అందులో తప్పేమీ లేదు.

ఇక్కడ సైట్ అంటే ప్లాటు, కొలత అడుగుల్లో ఉంటుంది. మనవాళ్లకు గజాలు, సెంట్లు అలవాటు. 30 బై 40 అంటే 1,200 చదరపు అడుగులు, సుమారు 133 గజాలు, రెండుముప్పావు సెంట్లు. 40 బై 60 అయితే సుమారు 267 గజాలు, అయిదున్నర సెంట్లు. ఖాతా అనగానే మన ఊరివాళ్లకు బ్యాంకు గుర్తొస్తుంది. ఇక్కడ అది కార్పొరేషన్ రికార్డులో ఆస్తి వివరాలు, పన్ను ఎవరు కట్టాలన్న సంగతి చూపించే పత్రం. ఏ-ఖాతా (అనుమతులన్నీ సరిగా ఉన్న ఆస్తిది), బీ-ఖాతా (అవి సరిగా లేని ఆస్తిది) తేడా ఏమిటి, రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఖాతా ఎందుకు కావాలి, ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రంలో ఏం చూడాలి, ఇవన్నీ తెలుగులో చెప్పగలగాలి.

ఇప్పుడు నేను ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద చేత్తో రాసిస్తాను. ఇల్లు చూడ్డానికి వచ్చిన కొడుకు దాన్ని అక్కడికక్కడే ఫొటో తీసి ఊళ్లో ఉన్న నాన్నకు పంపుతాడు. చాలా ఇళ్లలో డబ్బులో కొంత ఆయనది, ఆఖరి మాట కూడా ఆయనదే.

ఓనర్లు ఫోన్ పెట్టేస్తున్నారు

ఆన్‌లైన్‌లో నంబరు పెట్టిన రోజు నుంచి వాళ్లకు పదుల కాల్స్ వస్తుంటాయి, అందులో మీదొకటి. నేరుగా వెళ్లండి. దానికి ముందు ఆ వీధి వాచ్‌మన్, ప్లంబర్, ఇస్త్రీ బండి ఆయనతో పరిచయం పెంచుకోండి. ఏ ఇల్లు వచ్చే నెల ఖాళీ అవుతుందో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. ఇల్లు కుదిరిన రోజు వాళ్లకు ఇవ్వాల్సింది అదే రోజు ఇచ్చేయండి, రేపటికి వాయిదా వేయొద్దు.

ఓనర్‌తో మొదటి మాట కన్నడలో ఉండాలి. "నమస్కార సార్, మనె ఖాలి ఇదెయా?" (ఇల్లు ఖాళీగా ఉందా?) అంటే చాలు. ఈ వైపు పాత ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే ఓనర్లు చాలామందే ఉన్నారు, మీ యాస విని వాళ్లే తెలుగులోకి మారతారు. అయినా మొదలు మాత్రం కన్నడలోనే పెట్టండి, అది ఈ ఊరికి మనమిచ్చే మర్యాద.

సీనియర్ బ్రోకర్ నా క్లయింట్‌ను లాగేసుకున్నాడు

నోటిమాట మీద నడిస్తే ఇలాగే అవుతుంది. ఇల్లు చూపించడానికి ముందే ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి: క్లయింట్ పేరు, ఏ ఫ్లాట్, ఏ రోజు, బ్రోకరేజీ ఎలా. సగం సగమా, లేక సైడ్ బై సైడా, అంటే ఎవరి పార్టీ దగ్గర వాళ్లే తీసుకోవడమా అన్నది తేలాలి. ఆయన "ఓకే" అన్నాకే బయల్దేరండి, చూపించేటప్పుడు పక్కనే ఉండండి. ఒకసారి మోసపోయినా ఊరంతా చెప్పుకుని గొడవ పెట్టుకోవద్దు. ఆయనతో పని మానేసి, మాట మీద నిలబడే ముగ్గురు నలుగురిని వెతుక్కోండి.

బిల్డర్ ఆఫీసులో రెరా నంబరు అడుగుతున్నారు

అడగాలి కూడా. రెరా అంటే ఇళ్ల ప్రాజెక్టుల మీద, ఏజెంట్ల మీద ప్రభుత్వ నియంత్రణ. 2016 రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం, రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టులో ఇళ్లు అమ్మించే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మించకూడదని సెక్షన్ 10 చెబుతుంది. తప్పితే రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఇంటి ధరలో 5 శాతం దాకా పెరగొచ్చు. కర్ణాటక రెరాలో రిజిస్టర్ చేసుకుని, ఆ నంబరు విజిటింగ్ కార్డు మీద వేయించండి.

ఒక ఇల్లు ఇప్పించాను, వాళ్లు ఇంకెవరినీ పంపట్లేదు

బ్రోకరేజీ చేతికొచ్చాక మీరు మళ్లీ కనిపించారా? రిజిస్ట్రేషన్ అయ్యాకే వాళ్లకు అసలు టెన్షన్ మొదలవుతుంది. ఖాతా పేరు మారాలి, కరెంటు సంస్థ బెస్కాంలో మీటరు పేరు మారాలి, అసోసియేషన్‌లో వివరాలు ఇవ్వాలి. ఏ పనికి ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం తీసుకెళ్లాలో చెప్పండి, వీలైతే వెంట వెళ్లండి. కొత్త పేరుతో ఖాతా వచ్చిన రోజు వాళ్లింటికి వెళ్లి, కాఫీ తాగుతూ, "మీ ఆఫీసులో ఇంకెవరైనా ఇల్లు చూస్తున్నారా అండీ?" అని అడగండి. నాకు ఇప్పుడు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం ఆ కాఫీ దగ్గర మొదలైనవే.