వేసవి సెలవుల్లో సకురా: హిరోసాకి కోటను చూసి రావడం ఎలా?

జపాన్‌లోని టోక్యో, క్యోటోల్లో సకురా (చెర్రీ) పూలు మార్చి చివర విచ్చుకుని ఏప్రిల్ మొదటి వారాల్లోనే రాలిపోతాయి. అప్పటికి మన పిల్లల పరీక్షలు కూడా అవ్వవు. అందుకే ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చాక బయల్దేరేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఉత్తరానికి వెళ్లండి. అయోమొరి ప్రాంతంలోని హిరోసాకి కోటలో పూలు ఆలస్యంగా వస్తాయి.

ముందు తేదీ తేల్చుకోండి. ఈ మధ్య ఏళ్లలో అక్కడ కూడా ఏప్రిల్ మధ్య నుంచే పూత మొదలవుతోంది. కాబట్టి టికెట్లు కొనేముందు ఆ ఏటి పూత అంచనాలు చూడండి. వీలైతే ఏప్రిల్ 29లోపు చూసేసి బయటపడండి. ఆ రోజు నుంచి మే 5 వరకు జపాన్‌లో దగ్గరదగ్గరగా సెలవులు, జనం విపరీతంగా ఉంటారు. హిరోసాకిలో గదులు చాలా ముందే నిండిపోతాయి. దొరకలేదని టెన్షన్ వద్దు, అయోమొరి నగరంలో ఉండి పొద్దున్నే రైల్లో రావచ్చు.

టోక్యో నుంచి హయబుసా బుల్లెట్ రైల్లో షిన్-అయోమొరికి మూడు గంటల పైచిలుకు. అందులో సీటు రిజర్వేషన్ తప్పనిసరి. అక్కడ లోకల్ రైలు మారితే 40 నిమిషాల్లో హిరోసాకి. స్టేషన్ నుంచి కోటకు బస్సులున్నాయి.

ఇప్పుడు అసలు విషయం, కోట లోపల ఏం చూడాలి? ఈ ప్రాంతాన్ని ఏలిన త్సుగారు వంశస్థులు 1611లో ఈ కోటను పూర్తి చేశారు. పిడుగు పడి 1627లో ప్రధాన బురుజు కాలిపోయింది. ఇప్పుడున్న మూడంతస్తుల బురుజు 1810 నాటిది. కింది రాతిగోడ ఉబ్బడంతో, బాగుచేయడానికి 2015లో బురుజును విప్పకుండా అలాగే పక్కకు జరిపారు! అందుకే అది ఎక్కడుందో, లోపలికి వెళ్లనిస్తున్నారో లేదో వెళ్లేముందు కనుక్కోండి. అయినా ఇక్కడికి రావాల్సింది బురుజు కోసం కాదు, చెట్ల కోసం.

కోటలో దాదాపు 2,600 సకురా చెట్లున్నాయి. కొమ్మ కోస్తే సకురా చెట్టు కుళ్లుతుందని జపాన్‌లో పాత నమ్మకం. కానీ అయోమొరి ఆపిల్ తోటల సీమ. ఇక్కడి తోటమాలులు ఆపిల్ చెట్టును కత్తిరించినట్టే సకురానూ కత్తిరించి, కోసిన చోట మందు పూస్తారు. దాంతో కొత్త కొమ్మలొస్తాయి, గుత్తికి పూలూ ఎక్కువే. ఒక గుత్తి దగ్గర ఆగి లెక్కపెట్టండి: మామూలుగా మూడు నాలుగుండే చోట నాలుగైదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటాయి. 1882లో నాటిన చెట్టు ఇంకా పూస్తోంది. దాన్ని తప్పకుండా వెతికి చూడండి.

నడక ఇలా పెట్టుకోండి. తెల్లవారగానే బయటి కందకం దగ్గరికి వెళ్లండి, దీనికి టికెట్ అక్కర్లేదు. పూలు రాలే రోజులైతే రేకులు నీటిని పూర్తిగా కప్పేసి గులాబీ రంగు తివాచీలా ఉంటాయి. నా మటుకు నిండుగా పూసిన రోజుకన్నా ఇదే గొప్ప. తర్వాత లోపలి ప్రాకారానికి టికెట్ కొనండి. మబ్బు లేకపోతే అక్కడి నుంచి 1,625 మీటర్ల ఇవాకి కొండ మంచుతో కనిపిస్తుంది. మధ్యాహ్నం పడమటి కందకంలో పడవ అద్దెకు తీసుకోండి. చీకటి పడ్డాక దీపాల వెలుగులో పూల సొరంగం కింద నడవండి. రాత్రిళ్లు చలి, స్వెట్టర్ తప్పదు.

శాకాహారులకు ఒక మాట: కూరగాయల వంటకంలోనూ చేపల రసం కలిసే అవకాశం ఎక్కువ. ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు) పెట్టిన అన్నం ముద్దలు, ఊరి ప్రత్యేకమైన 'ఆపిల్ పై' అనే తీపి వంటకం కాస్త నమ్మదగ్గవి. ఆ తీపి వంటకం కొనేముందు గుడ్డు సంగతి అడగండి.

పూలన్నీ అయిపోయాయా? షిన్-అయోమొరి నుంచి బుల్లెట్ రైల్లో గంటలో సముద్రం కింది సొరంగం దాటి షిన్-హకోదతె-హోకుతో చేరి, అక్కడ రైలు మారి హోక్కైడో దీవిలోని హకోదతె నగరానికి వెళ్లండి. అక్కడి గోర్యోకకు అనే నక్షత్రాకారపు కోటలో పూలు ఏప్రిల్ చివర, మే మొదట్లో వస్తాయి. పక్కనున్న 107 మీటర్ల టవర్ ఎక్కితే అయిదు కోణాలూ ఒకేసారి కనిపిస్తాయి.