కర్టెన్ బట్ట కొనే ముందు పావు మీటరు ముక్క తెచ్చుకోండి

కర్టెన్లకో, డ్రెస్సులకో మీటర్ల కొద్దీ బట్ట తీసుకోబోతున్నారా? ముందు పావు మీటరు కోయించుకుని ఇంటికి తెచ్చుకోండి. మా హాలు కర్టెన్లకు నేను ఆ పని చేయలేదు. షాపు లైట్ల కింద లేత గోధుమరంగులా ఉన్న బట్ట మా కిటికీ ఎండలో పసుపుపచ్చగా తేలింది. అప్పటికే 16 మీటర్లు కుట్టించేశాం. చాలా బాధేసింది.

ఆ ముక్కను పగలొకసారి, రాత్రి లైటు వేశాక ఒకసారి కిటికీ దగ్గర పెట్టి చూడండి. డ్రెస్సు కోసమైతే పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి, ముడతలు ఎంత పడతాయో తెలిసిపోతుంది.

అసలు పరీక్ష నీళ్లదే. చెరగని పెన్నుతో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి 20 సెంటీమీటర్ల గీతలు గీసి, మీరు రోజూ ఉతికినట్టే ఉతికి, ఆరాక కొలవండి. నిలువు గీత 19కి వచ్చిందంటే 5 శాతం కుంచించుకున్నట్టు. ఏడడుగుల కర్టెన్ నాలుగంగుళాలు పైకెక్కుతుందన్నమాట! కాబట్టి బట్ట ఆ మేరకు ఎక్కువ తీసుకుని, తడిపి ఆరేశాకే కుట్టడానికి ఇవ్వండి.

కలంకారీ, ముదురు ఎరుపు, నీలం రంగులైతే తడి ముక్కను తెల్లగుడ్డతో రుద్దండి. రంగు అంటితే లేతరంగు లైనింగ్ వద్దు.

కాటనో కాదో అనుమానమా? రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు పైన అగ్గిపుల్లతో అంటించండి. కాటన్ కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. పట్టుకైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

అన్నీ నచ్చాక, మొత్తం బట్టను ఒకే తానులోంచి కోయించుకోండి. తాను మారితే రంగులో తేడా వస్తుంది.