యాప్ ఎక్కించే ముందు ఒకసారి బ్రౌజర్‌లో తెరిచి చూడండి

ఫోన్ బాగా నెమ్మదించిందని మా పెదనాన్న అంటే చూడ్డానికి కూర్చున్నాను. మొత్తం 68 యాప్‌లు. అందులో ఒకటి నిఘంటువు. దానికి లొకేషన్, మైక్, కాంటాక్ట్స్ మూడూ ఇచ్చేసి ఉన్నాయి. మైక్ అంటే పలికి వెతకడానికి అనుకుందాం. ఒక మాటకి అర్థం చెప్పడానికి మా అత్తయ్య ఫోన్ నంబరు దేనికి?

"ఎందుకు ఒప్పుకున్నారు పెదనాన్నా?"

"అడిగింది, ఇచ్చాను రా. ఇవ్వకపోతే తెరుచుకోదేమో అనుకున్నా."

ఆ నిఘంటువుకి వెబ్‌సైట్ కూడా ఉంది. అదే మాట బ్రౌజర్‌లో వెతికాం. అదే అర్థం వచ్చింది, ఒక్క అనుమతీ అడగలేదు. ఆ రోజు నుంచి నేను అందరి ఫోన్లలోనూ చేస్తున్న పని ఇదే: ఈ యాప్ చేసేది బ్రౌజర్‌లో జరుగుతుందా లేదా అని ముందు చూడటం.

వెబ్‌సైట్ గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లిపోయే మనిషి లాంటిది. యాప్‌ది ఇంట్లోనే మకాం. మీ కాంటాక్ట్స్ మొత్తాన్నీ, ఎస్సెమ్మెస్‌లనీ వెబ్‌సైట్ తనంతట తాను చదవలేదు. లొకేషన్ కావాలంటే బ్రౌజర్ మిమ్మల్ని అడుగుతుంది, పేజీ మూసేస్తే అదీ ఆగిపోతుంది. యాప్‌కి అనుమతి ఇచ్చారంటే మీరు చూడనప్పుడు కూడా వెనకాల పని చేసుకోగలదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. యాప్‌లో ఉండేది దాన్ని తయారు చేసినవాళ్ల కోడ్ ఒక్కటే కాదు. ప్రకటనల కోసమో, ఎవరు ఎంతసేపు వాడుతున్నారో లెక్కేయడానికో బయటి కంపెనీల కోడ్ ముక్కలు కలుపుతారు. వాటినే ఎస్‌డీకేలు అంటారు. యాప్‌కి లొకేషన్ ఇస్తే లోపలున్న ఎస్‌డీకేకీ ఇచ్చినట్టే, అది వేరుగా అడగదు. పైగా ఆండ్రాయిడ్‌లో ప్రకటనల ఐడీ అని ఒక నంబరు ఉంటుంది. అది అన్ని యాప్‌లకీ ఒకటే కాబట్టి, పది యాప్‌లలో మీరు చేసిన పనులని ఒకే మనిషివిగా కలిపేయడం తేలిక.

వెబ్‌సైట్లేమీ బుద్ధిమంతులు కావు. మిమ్మల్ని గుర్తుపట్టడానికి కుకీలనే చిన్న ఫైళ్లు బ్రౌజర్‌లో పెడతాయి, స్క్రీన్ సైజూ ఫాంట్లూ చూసి ఫోన్‌ని గుర్తుపట్టాలనీ చూస్తాయి. కానీ అక్కడ మన చేతిలో జల్లెడ ఉంది. ఐఫోన్ బ్రౌజర్ సఫారీ బయటి కంపెనీల కుకీలని తనే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి, ప్రకటనలనీ ట్రాకర్లనీ (మనల్ని వెంటాడే కోడ్ ముక్కలనీ) ఆపే యూబ్లాక్ ఆరిజిన్ తగిలించుకోవచ్చు. యాప్ లోపల అలాంటిది పెట్టుకోవడం అంత సులువు కాదు.

ఇక పనిలోకి వద్దాం. సైట్‌లో లాగిన్ అయి, మీకు కావలసిన రెండు మూడు పనులూ చేసి చూడండి. "యాప్‌లో తెరవండి" అని పదేపదే అడ్డొస్తే ఆ సందేశాన్ని మూసేయండి. కొన్ని సైట్లు ఫోన్‌లో కావాలనే సగం సౌకర్యాలు దాచేస్తాయి. బ్రౌజర్ మెనూలో "డెస్క్‌టాప్ సైట్" నొక్కితే చాలాసార్లు బయటికొస్తాయి. పని జరిగిందంటే క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ, సఫారీలో షేర్ బటన్ నొక్కి, సైట్‌ని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి. యాప్ లాగే చిన్న బొమ్మ వస్తుంది. పెదనాన్నకి తేడానే తెలియలేదు.

యాప్ తీసేసేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. నేను పడ్డాను. నిఘంటువు యాప్‌లో ఆయన నాలుగేళ్లుగా దాచుకున్న మాటల జాబితా ఫోన్‌లోనే ఉంది, యాప్‌తో పాటే పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కాబట్టి దాచుకున్నవి ముందు బయటికి తీసుకోండి. ఇంకో విషయం, యాప్ తీసేసినంత మాత్రాన వాళ్ల సర్వర్‌లో ఉన్నది పోదు. ఖాతా కూడా అక్కర్లేదనుకుంటే, ముందు దాన్ని డిలీట్ చేసి తర్వాత యాప్ తీసేయండి.

అన్నిటినీ తీసేయమని కాదు. బ్యాంకు యాప్ ఉంచాను. నకిలీ బ్యాంకు సైట్ల బెడద ఉంది కాబట్టి, ఏ లింకు వస్తే ఆ లింకు నొక్కే మనిషికి అసలైన యాప్ ఉండటమే మేలు. నెట్ లేకుండా చూసుకునే మ్యాపులూ ఉంచాను. ఉంచినవాటికి లొకేషన్‌ని "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చండి. ఆండ్రాయిడ్ 12 నుంచీ, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచీ కచ్చితమైన చోటు కాకుండా ఉజ్జాయింపుగా ఇచ్చే వీలుంది, వాతావరణం చూడ్డానికి అది చాలు. కాంటాక్ట్స్ ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగండి, అవి మీ ఒక్కరివే కావు.

ప్రకటనల ఐడీని ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో తొలగించవచ్చు. ఫోన్‌ని బట్టి ప్రైవసీ కిందో గూగుల్ కిందో "ప్రకటనలు" అని ఉంటుంది. ఐఫోన్‌లో అయితే 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చినప్పటి నుంచి, వేరే యాప్‌లలో మిమ్మల్ని ట్రాక్ చేయాలంటే యాప్ అడిగి తీరాలి. వద్దనండి.

స్టోర్‌లో డేటా గురించి రాసి ఉండేది యాప్ వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నదే. ఆండ్రాయిడ్ యాప్‌లో ఏ ట్రాకర్లు ఉన్నాయో చూడాలంటే ఎక్సోడస్ ప్రైవసీ అనే ఫ్రెంచ్ లాభాపేక్ష లేని సంస్థ సైట్‌లో యాప్ పేరు కొట్టి చూడండి.

పెదనాన్న ఫోన్‌లో ఇప్పుడు 31 యాప్‌లు. ఫోన్ వేగం మాత్రం పెద్దగా మారలేదు. స్టోరేజీ నిండా ఎవరెవరో పంపిన శుభోదయం వీడియోలే, వాటి జోలికి వెళ్లొద్దన్నారు.