‘నేసెంట్’ మాటను సరిగ్గా వాడటం ఎలా?

‘పుట్టడం’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిన ఇంగ్లీషు మాట ‘నేసెంట్’ (nascent). నేషన్, నేచర్, నేటివ్ కూడా ఆ కుదురులోవే. పలికేటప్పుడు ఊనిక ‘నే’ మీద ఉండాలి. స్పెల్లింగులో ‘ఎస్’ పక్కన ‘సి’ ఉన్నా, ‘సైన్స్’లో లాగే ఒక్క ‘స’ మాత్రమే వినపడాలి. ‘నాస్కెంట్’ అనకూడదు.

అర్థం: ఇప్పుడిప్పుడే పుట్టి ఎదుగుతున్న. ఈ ఎదుగుదలే మాటకు ప్రాణం, దీన్ని మరిచిపోవడం వల్లే ఎక్కువ తప్పులు వస్తాయి. రాసేముందు ఆ మాట తీసేసి ‘ఇప్పుడిప్పుడే మొలకెత్తుతున్న’ అని పెట్టి చదవండి. ‘నేసెంట్ ఇండస్ట్రీ’ చక్కగా అతుకుతుంది. ‘నేసెంట్ పేమెంట్’ అతకదు. చెల్లింపు మొలకెత్తదు కదా! వరసలో మొదటిది అని చెప్పాలంటే ‘ఇనిషియల్’ వాడాలి.

మనుషులకు నేరుగా తగిలించకండి. పసిబిడ్డ ‘న్యూబార్న్’, కొత్తగా నేర్చుకునేవారు ‘బిగినర్’. వాళ్లలోని ప్రతిభను మాత్రం ‘నేసెంట్ టాలెంట్’ అనవచ్చు. ‘ఎర్లీ నేసెంట్ స్టేజ్’ అని రాస్తే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టు. ‘ఇన్ ఇట్స్ నేసెంట్ స్టేజ్’ సరైనదే, ‘స్టిల్ నేసెంట్’ అంటే ఇంకా పొదుపు.

దగ్గరి మాటలతోనే అసలు చిక్కు. ‘ఇన్సిపియెంట్’ అన్నా మొదలవుతున్నదే, కానీ అది ఎక్కువగా జబ్బులకూ ముప్పులకూ వాడే మాట. కంట్లో శుక్లం మొదలైతే ‘ఇన్సిపియెంట్ క్యాటరాక్ట్’ అంటారు. ‘ఇన్‌కోయేట్’ అంటే ఇంకా రూపు కట్టనిది. మనసులో ముక్కలు ముక్కలుగా మెదిలే ఆలోచన ‘ఇన్‌కోయేట్’, అది ఒక ఆకారానికి వచ్చి సాగడం మొదలుపెడితే ‘నేసెంట్’.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘ప్రారంభ’ అని సరిపెట్టేస్తే ఎదుగుదల జారిపోతుంది. పరిశ్రమైతే ‘శైశవ దశలో ఉంది’, ఉద్యమమైతే ‘ఇప్పుడిప్పుడే ఊపిరి పోసుకుంటోంది’ అనండి. రసాయనశాస్త్రంలో మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. జింకు మీద సజల ఆమ్లం పోసినప్పుడు, అప్పటికప్పుడు విడుదలయ్యే హైడ్రోజన్‌ను పాఠ్యపుస్తకాలు ‘నవజాత హైడ్రోజన్’ అంటాయి. అక్కడ ‘శైశవ’ అని రాస్తే చదివేవారికి అర్థం కాదు.