చాట్‌బాట్‌ను హోమియో మందు అడిగే ముందు జాగ్రత్తలు

ఛాతీ నొప్పి, ఆయాసం, ఆగని రక్తస్రావం ఉన్నప్పుడు చాట్‌బాట్‌ను అడుగుతూ కూర్చోక నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

గర్భం, అలర్జీలు, వాడుతున్న మందుల వివరాలను మనమే ముందుగా చెప్పాలి. చెప్పకపోయినా అది పొటెన్సీతో (మందును ఎంత పలుచన చేశారో తెలిపే గుర్తుతో) సహా ధీమాగా మందు పేరు చెప్పేయగలదు. ఉదాహరణకు, కీళ్ళనొప్పులకు మందు అడిగాక, అవే నొప్పుల గురించి మాటలు మార్చి మళ్ళీ అడిగి చూడాలి. మొదట బ్రయోనియా అన్నది తర్వాత రస్‌టాక్స్ అంటే, ఆ ధీమా విలువెంతో తెలిసిపోతుంది.

30సి పొటెన్సీ అంటే నూరో వంతుకు పలుచన చేయడాన్ని 30 సార్లు జరపడం కనుక, అందులో మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి కూడా హోమియోపతి ఏ జబ్బుకైనా పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2015లో తేల్చింది. మదర్ టింక్చర్ల (ఇలా పలుచన చేయని మూల ద్రావణాల) సంగతి వేరు. వాటిలో అసలు పదార్థం ఉంటుంది కనుక వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు.

మధుమేహం, థైరాయిడ్ మాత్రలను చాట్‌బాట్ మాట మీద ఆపకూడదు.