మృగశిరకు ముందే సైటు బీమా కాగితాలు చదవండి

మృగశిర కార్తెకు ఇంకా సమయం ఉందని ధీమాగా ఉండే బిల్డర్లు, మేస్త్రీలు హైదరాబాద్ శివారు బాచుపల్లిని మరచిపోకూడదు. 2024 మే 7న, రుతుపవనాలు ఇంకా రాకముందే, ఒక్క గాలివానకు అక్కడ నిర్మాణంలో ఉన్న అపార్టుమెంటు రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా ఆపే గోడ) కూలి కార్మికుల షెడ్లపై పడింది. ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి బతుకుతెరువుకు వచ్చిన కుటుంబాలవి. మృతుల్లో నాలుగేళ్ల బాలుడు ఉన్నాడు.

ముందు పిల్లల గురించే చెప్పాలి. మన నగరంలో సైటు అంటే పని జరిగే చోటు మాత్రమే కాదు, కుటుంబాలు వండుకుని, తిని, నిద్రపోయే చోటు కూడా. బీమా పాలసీ వాళ్లందరినీ లెక్కలోకి తీసుకోదు. కార్మికుల పరిహార పాలసీ పనిచేసే మనిషికి, ఆ పని వల్ల, ఆ పనిలో ఉండగా జరిగిన ప్రమాదానికే వర్తిస్తుంది. షెడ్డులో నిద్రపోతున్న కార్మికుడి విషయంలోనే కంపెనీ వాదనకు దిగవచ్చు, ఇక పిల్లల మాట చెప్పనక్కరలేదు. నిర్మాణానికి తీసుకునే ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్’ పాలసీలో బయటివారికి జరిగే హానికి రక్షణ ఉంటుంది కదా అనుకుంటారు. కానీ ఆ విభాగం సాధారణంగా కార్మికులనూ, వాళ్ల కుటుంబ సభ్యులనూ మినహాయిస్తుంది. రెండు పాలసీలకూ ప్రీమియం కట్టిన సైటులో కూడా షెడ్డులోని పసివాడికి దేనిలోనూ చోటు దొరకకపోవచ్చు.

కాబట్టి తొలి జాగ్రత్త షెడ్ల దగ్గరే తీసుకోవాలి. గోడ నీడలో, సెల్లార్ గుంత అంచున, మట్టి దిబ్బ కింద షెడ్డు ఉంటే మే నెలలోనే మార్పించండి. గోడ ఎత్తు కన్నా ఎక్కువ దూరం ఉండేలా చూడండి. రిటైనింగ్ గోడలో నీరు బయటికి పోయే గొట్టాలు పూడుకుపోయాయేమో ఒక మనిషిని పెట్టి చూపించండి. గోడ వెనుక నీరు నిలిచి బరువు పెరిగితే ఎంత బాగా కట్టిన గోడైనా ప్రమాదమే. తగిన జాగ్రత్తలు తీసుకోలేదని తేలితే క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది.

షెడ్లలో ఉండే పెద్దవాళ్లందరినీ ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. 18 నుంచి 70 ఏళ్ల లోపు వారికి బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష రూపాయలు ఇస్తారు. దీని ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. అంటే సరిగ్గా వానల ముందు రెన్యువల్ వస్తుంది. ఆ సమయంలో ఖాతాలో డబ్బు లేక 20 రూపాయలు కట్ కాకపోతే రక్షణ పోతుంది. ఆ వారం కూలీ డబ్బును ఖాతాలో వేస్తే ఈ సమస్యే రాదు. 90 రోజులు పనిచేసిన వాళ్లను భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో కూడా నమోదు చేయించండి.

ఇక స్లాబు రోజు చూడండి. నిన్నటి వరకు సైటులో ఎనిమిది మంది. ఇవాళ తెల్లవారేసరికి కాంక్రీటు కలిపే మిల్లరుతో పాటు కాంక్రీటు ముఠా దిగుతుంది. తట్టలు అందించే ఆడవాళ్లు, వైబ్రేటర్ పట్టుకునే కుర్రాడు, కింద సెంట్రింగ్ (తడి స్లాబును మోసే తాత్కాలిక ఆధారం) కర్రలు కనిపెట్టుకుని ఉండే మనిషి, అడ్డా నుంచి అప్పటికప్పుడు పిలిచిన మరో నలుగురు. సాయంత్రానికి అందరూ వెళ్లిపోతారు. ఆ ఒక్క రోజే సెంట్రింగ్ కుంగితే వీళ్ల యజమాని ఎవరు? ముఠా మేస్త్రీనా, గుత్తేదారా, బిల్డరా? బిల్డరు తన వ్యాపారంలో భాగమైన పనిని ఉపగుత్తకు ఇచ్చినా, ఆ కూలీకి జరిగిన ప్రమాదానికి పరిహారం బిల్డరునే అడిగే హక్కు 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే సూత్రం కొనసాగింది. బిల్డరు ముందు చెల్లించి, తరువాత గుత్తేదారు నుంచి రాబట్టుకోవాలి.

ఆ పరిహారం ఎంతో కూడా తెలుసుకోండి. ముప్పై ఏళ్ల కార్మికుడు మరణిస్తే, నెలకూలీ 15,000 రూపాయలుగా లెక్కిస్తే, అందులో సగాన్ని ఆ వయసుకు పట్టికలో ఉన్న 207.98తో గుణిస్తారు. 15,59,850 రూపాయలు అవుతుంది. చిన్న గుత్తేదారు ఈ మొత్తాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు? అతను తేలేకపోతే ఆ కుటుంబం ఏమవుతుంది? అందుకే పాలసీ తీసుకునేటప్పుడే ఉపగుత్తేదారుల కూలీలను చేర్చమని అడిగి, అదనపు ప్రీమియం కట్టి, ఆ మాట పాలసీలో రాయించుకోండి. ప్రీమియం తగ్గుతుందని ఎనిమిది మంది కూలీనే చూపించి ఇరవై ఐదు మందితో స్లాబు వేయించడం తప్పు. ఆసుపత్రి ఖర్చుకు కూడా విడిగా రక్షణ తీసుకోవాలి, లేకపోతే చాలా పాలసీలు ఇవ్వవు. పరిహారం ఆలస్యం చేసినందుకు పడే జరిమానాను బీమా కంపెనీ భరించదు. స్లాబు రోజు హాజరు పుస్తకంలో ప్రతి ఒక్కరి పేరూ రాసి, ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి ఉంచండి.

సొంతంగా పనిచేసే మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, పెయింటర్ ఒక సంగతి గమనించాలి. మీ కూలీలకు మీరు తీసుకున్న పాలసీ మీకు వర్తించదు, ఎందుకంటే మీరే యజమాని. తడిసిన పరంజా మీది నుంచి మీరు జారిపడి మూడు నెలలు మంచాన పడితే ఇల్లు గడవాలి. వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. అందులో తాత్కాలిక వైకల్యానికి వారం వారం చెల్లించే అంశం ఉందో లేదో చూసి మరీ తీసుకోండి.

పక్కింటి గోడ సంగతి. ఇరుకు కాలనీల్లో పక్క పునాదిని ఆనుకునే సెల్లార్ తవ్వుతున్నారు. కింద రాయి తగిలితే బ్రేకర్లు పెడతారు. అదురుకు గానీ, ఆధారం బలహీనపడి గానీ పక్కింటికి జరిగే నష్టాన్ని మామూలు పాలసీ మినహాయిస్తుంది, అదనంగా అడిగి చేర్పించుకోవాలి. తవ్వకానికి ముందే పక్కింటివారిని వెంటబెట్టుకుని వాళ్ల గోడల మీది పగుళ్లను తేదీతో సహా ఫొటోలు తీయండి. రెండు వైపులా అది న్యాయం. ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తుంటే, కింది పాత ఇల్లు కొత్త పనికి తీసుకున్న పాలసీలోకి దానంతట అది రాదు. దాని విలువ విడిగా చెప్పాలి.

వానాకాలానికి ముందు సెల్లార్ తవ్వకాలు ఆపాలని జీహెచ్‌ఎంసీ ఆదేశాలు ఇస్తూ వస్తోంది. ఆ మాట పెడచెవిన పెట్టి తవ్వితే ప్రాణాలకు ముప్పు, క్లెయిముకూ చేటు. పని ఆపినప్పుడు కూడా బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. పని నిలిచిపోతే రక్షణ ఆగిపోతుందనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. గుంతను ఎలా కాపాడుతున్నారో రాసి, రక్షణ కొనసాగించమని అడిగి, జవాబు తీసుకోండి.

విలువ తగ్గించి రాయించకండి. పూర్తయ్యేసరికి 80 లక్షలు అయ్యే పనిని 60 లక్షలకే బీమా చేస్తే, 8 లక్షల నష్టానికి 6 లక్షలే లెక్కగడతారు, అందులోనూ పాలసీ ప్రకారం మీరే భరించాల్సిన వాటాను మినహాయిస్తారు. వరదలు, తుపానుల వంటి వాటికి ఆ వాటా ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇనుము, సిమెంటు ధరలు పెరిగితే విలువ పెంచమని కంపెనీకి తెలపండి. అద్దెకు తెచ్చిన సెంట్రింగ్ రేకులను కూడా లెక్కలో చూపండి. పని ఆలస్యమైతే గడువు ముగియకముందే పొడిగించుకోండి.

ప్రమాదం జరిగితే ముందు మనుషులను బయటికి తీయండి, ఆసుపత్రికి పంపండి. తరువాత పోలీసులకు, అదే రోజు బీమా కంపెనీకి తెలియజేయండి. నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయరు వచ్చే వరకు, ప్రమాదకరంగా ఉన్నవాటిని తప్ప శిథిలాలను కదిలించవద్దు. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ న్యాయం దొరకకపోతే బీమా ఫిర్యాదులను విచారించే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది. వ్యక్తులతో పాటు ఒక్కరి యాజమాన్యంలోని సంస్థలు, సూక్ష్మ సంస్థలు కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.